కాంతి సాధకుడు సూరి భగవంతం

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే ప్రాంతంలో, పాకాల మండలంలో గాదంకి అనే చిన్న గ్రామం ఉంది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడే వరకు ఇది చిత్తూరు జిల్లాలో భాగంగా ఉండేది. పల్లె చిన్నదైనా దాని పేరు వాతావరణ శాస్త్రజ్ఞుల లోకంలో సుపరిచితం. 1992లో ఇక్కడ జాతీయ ఎం.ఎస్.టి. రాడార్ కేంద్రం నెలకొన్నది. 2005లో అదే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా పేరు మార్చుకొన్నది. 1998లో జపాన్ శాస్త్రజ్ఞుల సహకారంతో ఈ కేంద్రంలో లైడార్ అనే పరికరాన్ని అమర్చారు. మబ్బులు లేని రాత్రివేళ ఆ పరికరం నుంచి ఆకుపచ్చని కాంతిరేఖ ఒకటి నిటారుగా ఆకాశంలోకి దూసుకొనిపోయేది. చూపరుల కంటికి అది ఎడతెగని ధారవలె కనిపించేది. నిజానికి అది సెకనుకు ఇరవై పర్యాయాలు వెలువడే లేజర్ కాంతి తునకల వరుస. అట్టి తునకనే శాస్త్రపరిభాషలో పల్స్ అంటారు.

ఒక్కొక్క పల్స్ పైకి వెళ్లి, గాలిలోని అణువులను, ధూళికణాలను తాకి నలుదిక్కులకు చెదరిపోతుంది. చెదరిన కాంతిలో అత్యల్పభాగం మాత్రం నేలకు తిరిగి వస్తుంది. దానిని పెద్ద దర్పణంతో పట్టి లెక్కిస్తారు. పల్స్ బయలుదేరిన తరువాత ఒక మైక్రో సెకనుకు, అనగా సెకనులో పదిలక్షల వంతుకు తిరిగి వచ్చిన కాంతి 150 మీటర్ల ఎత్తు నుంచి వచ్చినట్లు. రెండు మైక్రో సెకన్లకు వచ్చినది 300 మీటర్ల ఎత్తు నుంచి వచ్చినట్లు. కనుక కాంతిని పంపడం ఎంత ముఖ్యమో, అది బయలుదేరిన క్షణాన్ని కచ్చితంగా గుర్తించడం అంత ముఖ్యం. క్షణం తప్పితే ఎత్తు తప్పుతుంది. ఎత్తు తప్పితే ఆ కొలతకు అర్థమే ఉండదు.

చెదరిన కాంతిని చదివి పదార్థం గుట్టు తెలుసుకొనే ఈ విద్యకు మన దేశంలో పునాదులు వేసిన మహనీయుడు సర్ సి.వి. రామన్. ఆ పునాదులపై గోడలు లేపిన వారిలో అగ్రగణ్యుడు తెలుగువాడైన ఆచార్య సూరి భగవంతం. లేజర్లు లేని కాలంలో మిణుకుమిణుకుమనే కాంతితో ఆయన సాధించిన జ్ఞానం, లేజర్లు వచ్చిన తరువాత వేయిరెట్లు ప్రయోజనకరమైనది. ఆ జీవితకథ విద్యార్థులు తెలుసుకొనదగినది.

సూరి భగవంతం 1909 అక్టోబర్ 14న నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నది. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చేరి భౌతికశాస్త్రం ప్రధానాంశంగా పట్టా పొందారు. అప్పట్లో ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. ఆయన చదువు ముగిసిన 1928వ సంవత్సరం భారతీయ విజ్ఞానశాస్త్ర చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగినది. ఆ ఏడాది ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్, తరువాత తన పేరుతోనే ప్రసిద్ధికెక్కిన రామన్ ఫలితాన్ని కనుగొన్నారు. పందొమ్మిదేళ్ల భగవంతం అదే సంవత్సరం కలకత్తా చేరుకొని, బౌబజారు వీధిలోని భారతీయ విజ్ఞాన వర్ధక సంఘం ప్రయోగశాలలో రామన్‌కు శిష్యుడయ్యారు.

రామన్ ఫలితం అంటే ఏమిటో ఇక్కడ కొంచెం తెలుసుకోవాలి. ఏదైనా ద్రవం గుండా ఒకే రంగు కాంతిని పంపితే, చెదరిన కాంతిలో అధికభాగం అదే రంగులో ఉంటుంది. అత్యల్పభాగం మాత్రం కొద్దిగా రంగు మార్చుకొంటుంది. కాంతి అణువును తాకినప్పుడు ఆ అణువుకు కొంత శక్తినిచ్చి గాని, దాని నుంచి కొంత శక్తిని గ్రహించి గాని బయటకు రావడమే ఈ మార్పునకు కారణం. ఇచ్చిన శక్తి ఎంతో, గ్రహించిన శక్తి ఎంతో కొలిస్తే ఆ అణువులోని పరమాణువులు ఎంత వేగంతో కంపిస్తున్నాయో తెలుస్తుంది. ఒక విధంగా అది అణువు తన గురించి తాను ఇచ్చే వాంగ్మూలం.

అయితే ఆ వాంగ్మూలం వినబడటం మహాకష్టం. పడిన కాంతిలో సుమారు కోటిలో ఒక పాలు మాత్రమే ఇలా రంగు మార్చుకొని వస్తుంది. ఆ రోజుల్లో పరిశోధకుల చేతిలో ఉన్న కాంతి ఆధారం పాదరస ఆవిరి దీపం. ఆ దీపం ముందు ద్రవాన్ని ఉంచి, వర్ణపటదర్శిని వెనుక ఛాయాచిత్ర ఫలకాన్ని అమర్చి, గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. ద్రవాలకంటె వాయువులతో పని మరింత కఠినం. వాయువులో అణువులు పలుచగా ఉంటాయి కనుక చెదరే కాంతి ఇంకా తక్కువ. మధ్యలో దీపం మినుకరించినా, గది వేడెక్కి పరికరం కొద్దిగా కదిలినా పడిన శ్రమ అంతా వృథా. అట్టి వాయువుల రామన్ వర్ణపటాలను కూడా భగవంతం శ్రద్ధతో పరిశీలించారు. ఓర్పు అనే గుణం ఆయనకు ఆ చీకటిగదిలోనే అలవడింది.

1931లో గురుశిష్యులిద్దరూ కలసి మరొక విశిష్ట పరిశోధన చేశారు. కాంతి కణమైన ఫోటాన్‌కు తనదంటూ ఒక భ్రమణ స్వభావం ఉన్నదా అన్నది నాటి భౌతికశాస్త్రంలో పెద్ద ప్రశ్న. చెదరిన కాంతి ధ్రువణ స్థితిని సూక్ష్మంగా కొలిచి, అట్టి స్వభావం ఉన్నదని సమర్థించే ఫలితాలను రామన్, భగవంతం ప్రకటించారు. అప్పటికి భగవంతం వయస్సు ఇరవై రెండేళ్లు. అంతకు ముందు సంవత్సరమే రామన్ నోబెల్ బహుమానం అందుకొన్నారు. అట్టి గురువుతో సమానంగా పరిశోధన పత్రంపై పేరుండటం ఏ యువశాస్త్రజ్ఞునికైనా గర్వకారణమే.

1932లో భగవంతం కలకత్తా విడిచి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. 1926లో బెజవాడలో ప్రారంభమైన ఆ విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలివచ్చింది. బాల్యంలో కొంతకాలం తిరుపతిలో విద్యనభ్యసించిన డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పుడు దానికి ఉపాధ్యక్షులు. దేశం నలుమూలల నుంచి ప్రతిభావంతులను ఏరికోరి తెచ్చుకొన్న కాలమది. కలకత్తాలో ఉన్న సౌకర్యాలు ఇక్కడ లేవు. కాని చేయవలసిన పని ఉన్నది, నేర్చుకొనగోరే విద్యార్థులున్నారు. భగవంతం ఒక పరిశోధన సంప్రదాయాన్నే అక్కడ నెలకొల్పారు. 1940లో కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం అన్న విషయంపై ఆయన రాసిన ఆంగ్ల గ్రంథాన్ని ఆ విశ్వవిద్యాలయమే ప్రచురించింది.

వాల్తేరులో ఆయన కృషికి తోడునీడగా నిలిచినవారు గణితశాస్త్రజ్ఞుడు టి. వెంకటరాయుడు. వీరిద్దరి కలయిక చాలా విలువైనది. ఒకరు ప్రయోగశాలలో కొలిచిన కంపనాలను చూపితే, మరొకరు వాటి వెనుకనున్న గణితాన్ని చూపారు. స్ఫటికంలో పరమాణువులు ఒక క్రమంలో అమరి ఉంటాయి. ఆ అమరికలో ఒక సౌష్ఠవం ఉంటుంది. ముగ్గును తిప్పి చూసినా, అద్దంలో చూసినా అదే రూపం కనిపించినట్లు, స్ఫటికాన్ని కొన్ని విధాలుగా తిప్పినా దాని రూపం మారదు. ఈ సౌష్ఠవాన్ని సమూహ సిద్ధాంతం అనే గణితశాఖతో పరిశీలిస్తే, ఆ స్ఫటికంలో ఎన్ని రకాల కంపనాలు సాధ్యమో, వాటిలో ఏవి రామన్ వర్ణపటంలో కనిపిస్తాయో, ఏవి పరారుణ వర్ణపటంలో కనిపిస్తాయో ముందుగానే లెక్కగట్టవచ్చు. 1939లో వారు ప్రకటించిన ఈ పద్ధతి నేటికీ వారిద్దరి పేర్లతోనే ప్రపంచమంతటా వ్యవహారంలో ఉన్నది. 1948లో ఇదే విషయంపై వారు కలసి రాసిన ఆంగ్ల గ్రంథం వెలువడింది.

ఈ సిద్ధాంతం సారాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. మనం విడిచే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ అణువులో మధ్య ఒక కార్బన్, దానికి ఇరువైపులా ఒక్కొక్క ఆక్సిజన్ ఒకే సరళరేఖపై ఉంటాయి. రెండు ఆక్సిజన్‌లూ ఒకేసారి కార్బన్‌కు దూరంగా జరిగి, ఒకేసారి దగ్గరకు రావడం ఒక కంపనం. ఒకటి దగ్గరకు వస్తుండగా మరొకటి దూరంగా పోవడం రెండవ కంపనం. విల్లు వలె వంగడం మూడవది. మొదటి కంపనం రామన్ వర్ణపటంలో కనిపిస్తుంది, పరారుణంలో కనిపించదు. మిగిలిన రెండూ పరారుణంలో కనిపిస్తాయి, రామన్‌లో కనిపించవు. ఒక సాక్షి చూడలేనిదాన్ని మరొక సాక్షి చూస్తాడు. కనుక అణువు పూర్తి కథ తెలియాలంటే ఇద్దరు సాక్షులనూ విచారించాలి. ఎవరిని ఏమి అడగాలో సౌష్ఠవం ముందుగానే చెబుతుంది.

రెండవ ప్రపంచయుద్ధం ఈ ప్రశాంత సాధనకు ఆటంకం కలిగించింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంపై జపాను బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలింది. అట్టి విపత్కాలంలోనూ భగవంతం మేధ విశ్రమించలేదు. ఆ ఏడాదే ఆయన ఒక పాత లెక్కను సరిదిద్దారు. స్ఫటికాన్ని ఒత్తినప్పుడు దాని గుండా పోయే కాంతి నడకలో మార్పు వస్తుంది. దీనిని వివరించడానికి ఏ తరగతి స్ఫటికానికి ఎన్ని స్థిరాంకాలు అవసరమో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ పోకెల్స్ అంతకు పూర్వమే లెక్కగట్టి ఉన్నాడు. దశాబ్దాలుగా ప్రపంచం దానినే ప్రమాణంగా స్వీకరించింది. భగవంతం సౌష్ఠవ పద్ధతితో దానిని తిరిగి పరిశీలించి, ఘన వ్యవస్థకు చెందిన కొన్ని స్ఫటికాలకు పోకెల్స్ చెప్పినట్లు మూడు కాదు, నాలుగు స్థిరాంకాలు అవసరమని నిరూపించారు. పెద్దల మాటయినా సరే, పరీక్షించి గాని స్వీకరించరాదన్న శాస్త్రధర్మానికి ఇది చక్కని దృష్టాంతం. వజ్రంలో శబ్దతరంగాలను పంపి దాని స్థితిస్థాపకతను కొలిచే కృషిలో భీమసేనాచార్ ఆయనకు సహకరించారు. ఆ ఫలితాలు 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దేశం ఆయన నుంచి మరొక విధమైన సేవను కోరింది. 1948లో లండన్‌లో భారత ప్రభుత్వ వైజ్ఞానిక సంబంధాల అధికారిగా పనిచేశారు. 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 1957లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులయ్యారు. ఒకప్పుడు ఆయన గురువైన రామన్ అధిష్ఠించిన పీఠమది. చీకటిగదిలో ఫలకం ముందు గడపవలసిన గంటలు, దస్త్రాల ముందు, సమావేశాలలో గడవసాగాయి.

సరిగా ఆ దశలోనే ప్రపంచ భౌతికశాస్త్రంలో ఒక విప్లవం వచ్చింది. 1960 మే నెలలో అమెరికాలో థియోడర్ మైమన్ కెంపురాయితో తొలి లేజర్‌ను వెలిగించాడు. అదే ఏడాది డిసెంబర్‌లో బెల్ ప్రయోగశాలలో అలీ జవాన్, ఆయన సహచరులు హీలియం, నియాన్ వాయువుల మిశ్రమంతో తొలి వాయు లేజర్‌ను సాధించారు. అది వెలువరించినది కంటికి కనిపించని పరారుణ కాంతి. 1963లో నైట్రోజన్ వాయువు నుంచి అతినీలలోహిత లేజర్ వచ్చింది. 1964లో మహారాష్ట్రలోని బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ అదే బెల్ ప్రయోగశాలలో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనుగొన్నారు. ముప్పై ఏళ్లకు పైగా భగవంతం, ఆయన తరం వారు పాదరస దీపంతో నెట్టుకొని వచ్చిన పనికి ఇప్పుడు అత్యంత శక్తిమంతమైన, ఒకే రంగు గల వెలుగు దొరికింది. రోజులు పట్టిన కొలత క్షణాలకు దిగింది. ఎవరు దానికోసం అంతకాలం కృషి చేశారో, వారు ఆ సమయానికి కార్యాలయ బాధ్యతలలో ఉన్నారు. దేశం కోసం శాస్త్రజ్ఞుడు చెల్లించే మూల్యాలలో ఇది ఒకటి. అది లెక్కల పుస్తకాలలో కనిపించదు.

అయినా ఆ కొత్త వెలుగులోనూ ఆయన కృషి ఫలం ఉన్నది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ సంగతే చూడండి. విద్యుదుత్సర్గంలో ముందుగా నైట్రోజన్ అణువులు కంపించి, ఆ శక్తిని కార్బన్ డయాక్సైడ్‌కు అందిస్తాయి. ఒకటి దగ్గరగా, మరొకటి దూరంగా కదిలే రెండవ రకం కంపనం మేల్కొంటుంది. ఆ అణువు అక్కడి నుంచి మొదటి రకం కంపనానికి దిగివచ్చేటప్పుడు 10.6 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతి వెలువడుతుంది. ఏ కంపనం నుంచి ఏ కంపనానికి దిగడం సాధ్యమో నిర్ణయించేది భగవంతం జీవితమంతా ఆరాధించిన సౌష్ఠవ నియమమే. నైట్రోజన్ లేజర్ కథ వేరు. అందులో అణువులోని ఎలక్ట్రాన్లు స్థాయి మారి 337 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఇస్తాయి.

ఈ రెండు రకాల లేజర్లను జోడించి అణువులను పరీక్షించే పద్ధతి తరువాతి కాలంలో అభివృద్ధి చెందింది. ముందుగా పరారుణ పల్స్ వెళ్లి, ఎంపిక చేసిన అణువులలో కంపనాన్ని మేల్కొలుపుతుంది. వెనువెంటనే అతినీలలోహిత పల్స్ వచ్చి, కంపిస్తున్న ఆ అణువును వెలిగేలా చేయడమో, విడగొట్టడమో చేస్తుంది. ఒకే మూలకపు ఐసోటోపులను వేరుచేయడానికి కూడా ఈ మార్గం పనికివస్తుంది. బరువులో స్వల్పభేదం ఉన్నందున వాటి కంపనాలలోనూ స్వల్పభేదం ఉంటుంది. పరారుణ కాంతి ఒక్కదానినే ఏరుకొంటుంది, అతినీలలోహిత కాంతి దానినే విడగొడుతుంది. అయితే రెండవ పల్స్ ఆలస్యమైతే ఫలితం శూన్యం. మేల్కొన్న అణువు పొరుగు అణువులను ఢీకొని తన శక్తిని వాటికి పంచి మళ్లీ నిద్రలోకి జారుకొంటుంది. రెండవది ముందుగా వచ్చినా అంతే, అప్పటికి అణువు ఇంకా మేల్కొని ఉండదు.

కనుక ఇక్కడ ప్రధాన సమస్య సమయం పొందిక. రెండు లేజర్లకు ఒకేసారి విద్యుత్తు ఇచ్చినంతమాత్రాన రెండు కాంతులూ ఒకేసారి రావు. నైట్రోజన్ లేజర్‌లో విద్యుదుత్సర్గం జరిగిన కొద్ది నానో సెకన్లలోనే కాంతి వెలువడి ఆగిపోతుంది. నానో సెకను అంటే సెకనులో నూరుకోట్ల వంతు. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌లో శక్తి ఒక అణువు నుంచి మరొకదానికి బదిలీ కావాలి గనుక, కాంతి వెలువడటానికి మైక్రో సెకను ప్రాంతంలో జాప్యం జరుగుతుంది. ఒకరు చిత్తూరు నుంచి, మరొకరు చంద్రగిరి నుంచి బయలుదేరి తిరుపతిలో ఒకే క్షణాన కలుసుకోవాలంటే ఏం చేయాలి? చిత్తూరు దూరం గనుక అక్కడివారు చాలా ముందుగా బయలుదేరాలి. అదే విధంగా పరారుణ లేజర్‌కు ముందుగా సంకేతం పంపి, లెక్కించిన వ్యవధి తరువాత అతినీలలోహిత లేజర్‌కు సంకేతం పంపుతారు.

ఇంతటితో చిక్కులు తీరవు. వేలకొలది ఓల్టుల విద్యుత్తును రెప్పపాటులో వదిలే థైరట్రాన్ వంటి మీటలు ప్రతిసారీ సరిగ్గా ఒకే వ్యవధిలో పనిచేయవు. కొన్ని నానో సెకన్లు అటూఇటూ అవుతుంది. మొదటి లేజర్‌లోని మెరుపు పుట్టించే విద్యుదయస్కాంత అలజడి రెండవ దానిని అకాలంలో మేల్కొల్పవచ్చు. అందుకే సంకేతాలను లోహపు తొడుగు గల తీగల ద్వారానో, కాంతి తంతువుల ద్వారానో పంపుతారు. తీగ పొడవును సైతం లెక్కలోకి తీసుకోవాలి. కాంతి గాలిలో ఒక నానో సెకనుకు సుమారు 30 సెంటీమీటర్లు పోతే, తీగలో సంకేతం సుమారు 20 సెంటీమీటర్లే పోతుంది. ఇన్నీ సరిచూసుకొన్న తరువాతనే రెండు వెలుగులు ఒకే చోట, అనుకొన్న క్షణాన కలుస్తాయి. శబ్దమూ అర్థమూ కలసి నడిస్తేనే సాహిత్యమని మన ఆలంకారికులు భావించారు. రెండు కాంతులు కలసి నడవడం కూడా అట్టి సాహిత్యమే. అయితే ఎంత చక్కగా క్షణం కుదిరినా, ఆ అణువు ఏ కంపనం ద్వారా పరారుణ కాంతికి బదులిస్తుందో ముందు తెలియాలి. ఆ జ్ఞానమే వాల్తేరు పరిశోధకులు అందించిన మూలధనం.

భగవంతం పదవీ బాధ్యతలు బెంగళూరుతో ముగియలేదు. 1961లో ఆయన రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుగా నియమితులయ్యారు. 1962లో చైనాతో, 1965లో పాకిస్థాన్‌తో యుద్ధాలు సంభవించిన క్లిష్టకాలమది. విదేశాలపై ఆధారపడకుండా స్వదేశంలోనే రక్షణ పరిశోధన ఎదగవలసిన అవసరాన్ని దేశం గుర్తించిన కాలం కూడా అదే. 1969 వరకు ఆయన ఆ గురుతర భారాన్ని వహించారు. అంతటి ఒత్తిడిలోనూ భౌతికశాస్త్రాన్ని విడిచిపెట్టలేదు. స్ఫటికాల సౌష్ఠవానికి, వాటి భౌతిక ధర్మాలకు గల సంబంధంపై ఆయన రాసిన ప్రామాణిక గ్రంథం 1966లో వెలువడింది. పగలు దేశరక్షణ సమస్యలతో తలమునకలైన వ్యక్తి స్ఫటికాల సౌష్ఠవంపై గ్రంథం పూర్తి చేయడం సామాన్య విషయం కాదు. ప్రయోగశాల దూరమైనా జిజ్ఞాస దూరం కాలేదనడానికి ఆ గ్రంథమే నిదర్శనం.

1989 ఫిబ్రవరి 6న ఆచార్య సూరి భగవంతం పరమపదించారు. రామన్ ఫలితాన్ని కనుగొన్న ఫిబ్రవరి 28వ తేదీని మన దేశం 1987 నుంచి జాతీయ విజ్ఞానశాస్త్ర దినోత్సవంగా జరుపుకొంటున్నది. ఆ పండుగకు మూడు వారాల ముందు, రామన్ శిష్యులలో అగ్రగణ్యుడైన ఈ తెలుగు తేజం అస్తమించింది.

ఆయన మరణించిన తొమ్మిదేళ్లకు గాదంకిలో లైడార్ వెలిగింది. అది వాయు లేజర్ కాదు, స్ఫటికంతో పనిచేసే లేజర్. ఇటువంటి లేజర్లలో కాంతిని బంధించి ఉంచి, ఒక్కసారిగా పల్స్ రూపంలో విడిచే మీటగా తరచు ఉపయోగపడేది పోకెల్స్ పేరుతో పిలిచే స్ఫటిక పరికరం. భగవంతం ఏ పోకెల్స్ లెక్కను సరిదిద్దారో, ఆ పోకెల్స్ పేరే దానికి ఉన్నది. స్ఫటికంలో కాంతి నడకను మార్చి పల్స్‌ను సమయానికి విడిచే విద్యకు, స్ఫటికాల సౌష్ఠవంపై ఆయన చేసిన కృషికి గల చుట్టరికం ఇంతకంటె వేరుగా చెప్పనక్కరలేదు.

తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసింది. అక్కడి భౌతికశాస్త్ర విభాగంలో వర్ణపటశాస్త్ర పరిశోధన దశాబ్దాలుగా సాగుతూ వస్తున్నది. 2015లో భారతీయ సాంకేతిక సంస్థ, భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ కూడా తిరుపతిలో ప్రారంభమయ్యాయి. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో ఇంటర్మీడియట్ చదివే విద్యార్థికి లేజర్ ఇప్పుడు పరదేశపు వింత కాదు. బస్సులో గంట ప్రయాణం చేస్తే చేరుకొనగల దూరంలోనే ప్రయోగశాలలు ఉన్నాయి. పాదరస దీపం ముందు రోజుల తరబడి వేచి ఉండవలసిన అవసరమూ లేదు.

కాని పరికరం ఎంత శక్తిమంతమైనా, దానిని ఏమి అడగాలో తెలిసిన మనిషి కావాలి. వెలుగు తక్కువైన రోజుల్లో ప్రశ్నను పదునుపెట్టుకొన్నవారు భగవంతం. గురువు వద్ద ఓర్పు నేర్చుకొని, గణితజ్ఞునితో చేయి కలిపి, ప్రామాణికుని లెక్కను నిర్భయంగా సరిదిద్ది, దేశం పిలిచినప్పుడు తనకు ప్రియమైన చీకటిగదిని వదలివెళ్లినవారు ఆయన. రెండు వెలుగులు ఒకే క్షణాన కలిసినప్పుడు అణువు తన రహస్యాన్ని విప్పి చెబుతుంది. ప్రతిభ, పరిశ్రమ ఒకే జీవితంలో కలిసినప్పుడు ఆగిరిపల్లి వంటి పల్లె నుంచి సూరి భగవంతం వంటి శాస్త్రవేత్త ఉదయిస్తాడు.